పరుగును దేనితో గొలువవలెను?

మల్లెపూలను మూరతోను, బంగారమును సవరతోను, ఇంటిస్థలమును అంకణముతోను, బియ్యమును కిలోతోను గొలుచుట మా నెల్లూరుసీమ స్త్రీలకు నిత్యకృత్యము. ఇన్ని విధములైన కొలత లొక్క యింటిలోనే యున్నను మాకెన్నడును చిక్కు కలుగలేదు. ఏ వస్తువునకు ఏ కొలత యనుకూలమో తరతరముల వాడుక నిర్ణయించి పెట్టినది. పూలను తూచి కొన్నచో జడకు చాలునో చాలదో తెలియదు. మూర వేసిన వెంటనే తెలియును. కొలత యనునది వస్తువు కొఱకు గాదు, ఆ వస్తువును వాడుకొనువారి కొఱకు. ఈ చిన్న సంగతిని పరుగు విషయమున చదువుకొన్నవారు సైతము మఱచుచున్నారని తోచి, యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పరుగుతో గృహిణులకేమి పని యని సోదరీమణులు కొందఱడుగవచ్చును. పని కలదు. 2022వ సంవత్సరమున ఆంధ్రప్రదేశములో వెలువడిన పోలీసు కానిస్టేబులు నియామక ప్రకటనలో దేహదార్ఢ్యపరీక్ష కొఱకు 1600 మీటర్ల పరుగు విధింపబడినది. దానిని పురుషులు 8 నిమిషములలోపల, స్త్రీలు 10 నిమిషముల 30 సెకండ్లలోపల ముగింపవలెను. ఒక్క సెకండు మీఱినను అంతవఱకు చదివిన చదువంతయు వ్యర్థము. నెల జీతము గల యుద్యోగము, తలయెత్తుకొని తిరుగు బ్రతుకు, కొందఱి యిండ్లలో తండ్రి యప్పు, చెల్లెలి చదువు, ఇవన్నియు ఆ 630 సెకండ్లపై నాధారపడి యున్నవి. అట్టి పిల్లలు నేడు ప్రతి గ్రామమునను గలరు. వారి తల్లులు ఈ లెక్కను దెలిసికొనుట మేలు.

మా కొడవలూరు నెల్లూరునకు ఉత్తరమున, చెన్నపట్టణమునుండి విజయవాడకు బోవు రైలుమార్గముపై నున్న యూరు. చుట్టును వరిపొలములు. మా మరిదిగారి కొమార్తె యొకతె డిగ్రీ ముగించి యీ పరీక్ష కొఱకు సిద్ధమగుచున్నది. తెల్లవారుజామున లేచి, చేత ఫోను పట్టుకొని పరుగెత్తి వచ్చెడిది. ఆ ఫోను గంటకిన్ని కిలోమీటర్లని యామె వేగమును జెప్పెడిది. తొమ్మిది యని యొకనాడు, పదియని యొకనాడు, పరుగు నడుమ పండ్రెండని యొకసారి, ఏడని యొకసారి చూపెడిది. “పెద్దమ్మా, తొమ్మిదియైన నేనేమి చేయవలెను? పదియైన నేనేమి చేయవలెను?” అని యామె మమ్మడిగెను. ఆ ప్రశ్నలోనే విషయమంతయు నున్నది. ఏమి చేయవలెనో చెప్పలేని కొలత, అంకె యెంత సరియైనదైనను, వాడుకొనువారికి బనికిరాదు.

గంటకిన్ని కిలోమీటర్లను కొలత బండ్లకు బుట్టినది. బస్సు ఎన్ని గంటలకు నెల్లూరు చేరునో తెలిసికొనుటకు అది మిక్కిలి యనుకూలము. కాని పది నిమిషములు మాత్రమే పరుగెత్తు పిల్లకు గంటతో నేమి సంబంధము? 1600 మీటర్లను 630 సెకండ్లలో ముగించుట యనగా గంటకు 9.14 కిలోమీటర్ల వేగము. ఈ 9.14 అను సంఖ్యను జూచి కాళ్లనే మనుకొనవలెను? దానినే మఱియొక విధముగా జెప్పి చూడుడు. 400 మీటర్ల చుట్టు నాలుగు సార్లు తిరుగవలెను. ఒక్కొక్క చుట్టునకు 2 నిమిషముల 37 సెకండ్ల చొప్పున కాలమున్నది. ఇది వినగానే యెవరికైనను అర్థమగును. చుట్టు ముగియునప్పుడు గడియారము చూచినచో ముందున్నామో వెనుకబడితిమో తెలిసిపోవును. మొదటిది వేగమును గొలుచుట. రెండవది నడకను, అనగా ఇంత దూరమునకు ఇంత కాలమని గొలుచుట. పరుగెత్తువారికి ఈ రెండవదియే తగినది.

ఇది క్రొత్త సంగతి గాదు. వంటగ్యాసు విషయమున మనమిట్లే చేయుచున్నాము. దినమునకు ఎన్ని గ్రాముల గ్యాసు ఖర్చగుచున్నదని యే గృహిణియు లెక్కింపదు. సిలిండరు ఎన్ని దినములు వచ్చెనని చూచుకొనును. క్రొత్త సిలిండరునకు ఎప్పుడు చెప్పవలెనో ఆ లెక్క వలననే తెలియును గనుక.

వేగమును నమ్ముటలో మఱియొక మోసమున్నది. దీనిని సోదరీమణులు కాగితముపై వేసి చూచుకొనవలెనని కోరుచున్నాము. ఒక పిల్ల మొదటి 800 మీటర్లను గంటకు 12 కిలోమీటర్ల వేగముతోను, తక్కిన 800 మీటర్లను అలసిపోయి 7 కిలోమీటర్ల వేగముతోను పరుగెత్తిన దనుకొందము. పండ్రెండును ఏడును కలిపి సగము చేసిన తొమ్మిదిన్నర. కావలసినది 9.14 గనుక గెలిచితి ననియే యామె తలంచును. కాని నిజమేమి? మొదటి సగమునకు 4 నిమిషములు, రెండవ సగమునకు 6 నిమిషముల 51 సెకండ్లు, వెరసి 10 నిమిషముల 51 సెకండ్లు. ఇరువదియొక్క సెకండ్ల తేడాతో ఓడిపోయినది! మెల్లగా బోయిన భాగమున ఎక్కువ కాలము గడచును గనుక వేగములను గూడి సగము చేయుట చెల్లదు. చుట్టునకింత కాలమని వ్రాసికొన్నచో ఈ మోసము లేదు. కాలములను వరుసగా గూడిన జాలును. చాకలిపద్దు వ్రాయగలిగిన యే స్త్రీయైనను ఆ కూడిక చేయగలదు.

ఇక దూరము మాట. ఈ 1600 మీటర్ల పరుగును మైలుపరుగని పిలుచువా రనేకులు గలరు. మన దేశమున తూనికలు కొలతల చట్టము 1956లో నేర్పడి, దశాంశ నాణెములు 1957 ఏప్రిల్ 1వ తేదీనుండి చెలామణిలోనికి వచ్చినవి. అటుపిమ్మట వీశెలు, సేర్లు క్రమముగా కిలోలకు, గజములు మీటర్లకు చోటిచ్చినవి. వస్తువు మాఱినను పేరు నిలిచినది. అసలైన మైలు 1760 గజములు, అనగా 1609 మీటర్లకు పైచిలుకు. మైలునకును 1600 మీటర్లకును తొమ్మిది మీటర్ల భేదము గలదు. మా పిల్ల పరుగెత్తవలసిన వేగమున ఆ తొమ్మిది మీటర్లకు మూడున్నర సెకండ్లకు పైగా పట్టును. బియ్యము తూచునప్పుడు పిడికెడు లెక్కపెట్టము. ఇచ్చట పిడికెడే జీవనాధారము.

పందెములలోను ఇట్టి మార్పు జరిగినది. ప్రఖ్యాతుడైన మిల్ఖాసింగు 1958లో కార్డిఫ్ నగరమున జరిగిన పోటీలలో బంగారు పతకము పొందినది 440 గజముల పరుగులో. 1960లో రోము నగరపు ఒలింపిక్ పోటీలలో నాలుగవవాడుగా నిలిచినది 400 మీటర్ల పరుగులో. రెండును చుట్టు పరుగులే. కాని గజముల చుట్టు రెండు మీటర్ల పైచిలుకు పెద్దది. అట్టి పరుగులో ఆ మాత్రము దూరమునకు సెకండులో నాలుగవ వంతు పట్టును. కావుననే ఒక కొలతలో వచ్చిన కాలమును మఱియొక కొలతలో వచ్చిన కాలముతో తిన్నగా పోల్చుట తగదు.

సెకండులో నాలుగవ వంతు స్వల్పమని యెవరైన తలంచినచో, 1984వ సంవత్సరపు లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ పోటీలను జ్ఞాపకము చేసికొనవలెను. 400 మీటర్ల కంచెల పరుగులో పి.టి. ఉషగారు 55.42 సెకండ్లలో గమ్యము చేరిరి. మూడవ స్థానము పొందిన రుమేనియా స్త్రీకి పట్టిన కాలము 55.41 సెకండ్లు. సెకండులో నూఱవ వంతు! ఆ వేగమున నూఱవ వంతు కాలములో నడచు దూరము ఏడు సెంటీమీటర్లు మాత్రమే. మన భాషలో చెప్పవలెనన్న బెత్తెడు. బెత్తెడు దూరమున పతకము చేజాఱినది. మన పెద్దలు బెత్తెడని, జానెడని, మూరెడని, బారెడని యిన్ని చిన్న కొలత లేర్పఱచుకొనుట వృథా గాదు.

మా యత్తగారు ఎనుబది యేండ్లు దాటినవారు. ఆడుపిల్ల చీకటిలో లేచి మైదానమున పరుగులెత్తుట యామెకు మొదట సుతరాము గిట్టలేదు. ఊరివారేమనుకొందురని కొన్నాళ్లు సణిగిరి. ఆమెకు సెకండ్ల లెక్క తెలియదు గాని పంచాంగపు లెక్క బాగుగా దెలియును. గడియ యనగా 24 నిమిషములు. గడియలో అఱువదియవ వంతు విఘడియ, అనగా 24 సెకండ్లు. పిల్లకు కావలసిన కాలము ఇరువదియాఱు విఘడియల పైచిలుకని మేము చెప్పగా, “గడియలో సగమైనను లేదా?” యని యాశ్చర్యపడిరి. ఆ దినమునుండి ఆమెకు పరుగు ఎవరిదో వింత చేష్టగా గాక, తన లెక్కలోనికి వచ్చిన పనిగా దోచినది. తెలిసిన కొలతలో జెప్పినచో మనస్సు కూడ దగ్గఱకు వచ్చును.

కాని పరుగెత్తు దూరమునే సరిగా గొలువకున్న కాలమును గొలిచి ప్రయోజనము లేదు. మా యెఱిగినవారి పిల్ల యొకతె ఒక మైదానమును 400 మీటర్ల చుట్టని యెవరో చెప్పగా నమ్మి, నాలుగు చుట్లు 10 నిమిషముల 15 సెకండ్లలో ముగించుచు నిశ్చింతగా నుండెడిది. పరీక్షలో తప్పిన పిమ్మట టేపుతో గొలిచి చూడగా చుట్టు 380 మీటర్లే! నాలుగు చుట్లకు 80 మీటర్లు తక్కువ. ఆమె నిజముగా 1600 మీటర్లు పరుగెత్తి యుండినచో 10 నిమిషముల 47 సెకండ్లు పట్టెడిది. ఆ పిల్ల కాళ్లలో లోపము లేదు. టేపు పట్టుకొని ముందుగా గొలిచినవారు లేకపోయిరి.

కావున మేము చేసిన పద్ధతి చెప్పెదము. 30 మీటర్ల టేపు, రెండు మేకులు, గట్టి త్రాడు, కొంచెము సున్నము చాలును. 60 మీటర్ల నిడివిగల రెండు సరళరేఖలు ఎదురెదురుగా, ఒకదానికొకటి 25 మీటర్ల 46 సెంటీమీటర్ల యెడముతో గీయవలెను. ఆ రెంటి నడుమ, ఒక్కొక్క చివర సరిగా మధ్యను మేకు పాతి, 12 మీటర్ల 73 సెంటీమీటర్ల త్రాడుతో ముగ్గు వేసినట్లు అర్ధచక్రము త్రిప్పవలెను. ఒక్కొక్క వంపు 40 మీటర్లగును. మొత్తము చుట్టు 200 మీటర్లు. ఎనిమిది చుట్లు 1600 మీటర్లు. చిన్న చుట్టుయొక్క లాభమేమన, పరుగెత్తుపిల్లను ఎనిమిదిమారులు దగ్గఱనుండి చూడవచ్చును, కాలమును ఎనిమిదిమారులు చెప్పవచ్చును.

గీత వెంబడియే పరుగెత్తవలెనని గట్టిగా జెప్పవలెను. గీతకు ఒక మీటరు వెలుపలగా బోయినచో, చుట్టు చిన్నదైనను పెద్దదైనను, ప్రతి చుట్టునకు ఆఱు మీటర్ల పైచిలుకు దూరము పెరుగును. పరీక్షలో నాలుగు చుట్లకు 25 మీటర్లు, అనగా దాదాపు పది సెకండ్లు! గుంపుతో పాటు వెలుపలి వైపున బరుగెత్తుచు, ఇతరులకంటె ఎక్కువ దూరము బోయి, తక్కువ ఫలము పొందు పిల్ల లిందువలననే గలరు.

ఫోనును నిందింపము. పొడవైన తిన్నని బాటపై అది చెప్పు దూరము చాలవఱకు సరిగానే యుండును. చిన్న చుట్లలో, మలుపులలో, చెట్లనీడలో అది ఆకాశమునుండి వచ్చు సంకేతములను బట్టి వేయు లెక్క తప్పవచ్చును. అడుగులను లెక్కించి దూరము చెప్పు గడియారములును గలవు. వాని లెక్క పూలమ్మి మూర వంటిది. పొడుగుచేతి యామె మూర యొకటి, పొట్టిచేతి యామె మూర యొకటి. అలసినప్పుడు మన యడుగే కుఱుచయగును గదా!

కొలిచిన చుట్టుపై మా పిల్ల మొదటి దినమున 1600 మీటర్లకు 12 నిమిషముల 20 సెకండ్లు తీసికొన్నది. ఎనిమిది చుట్ల కాలములను వేఱు వేఱుగా వ్రాసి చూచితిమి. మొదటి చుట్టు 66 సెకండ్లు, ఆఱవ చుట్టు 104 సెకండ్లు! ఫోను చెప్పిన వేగములలో నెన్నడును కానరాని రోగము ఈ పట్టీలో వెంటనే కనబడినది. బలము చాలక గాదు, మొదటనే ఖర్చు పెట్టుటచేత వెనుకబడుచున్నది. నెల జీతమును మొదటి వారముననే వెచ్చించిన సంసారమువంటి దీ పరుగు. చుట్టునకు 78 సెకండ్ల చొప్పున బోయిన 10 నిమిషముల 24 సెకండ్లగును. 75 చొప్పున బోయిన సరిగా 10 నిమిషములు. కావున మొదటి చుట్టున 75 సెకండ్లకు ముందు గీత దాటరాదని కట్టడి చేసితిమి. వేగముగా బొమ్మని చెప్పుట సులభము. నెమ్మదిగా మొదలుపెట్టుమని చెప్పుటకు సరియైన కొలత కావలెను.

చుట్లు లెక్కించు భారము మా యత్తగారే వహించిరి. కొంగున ఎనిమిది చింతగింజలు పోసికొని, పిల్ల గీత దాటినప్పుడెల్ల ఒక గింజను ప్రక్కకు వేయుదురు. అలసిన పిల్లకు ఏడవ చుట్టో ఎనిమిదవ చుట్టో తెలియకపోవచ్చును. గింజలు తప్పు చెప్పవు. పిల్ల తల్లి గడియారము పట్టుకొనును. మేము క్యాలెండరు వెనుక అంకెలు వ్రాయుదుము. ఇట్లు నాలుగు మాసములు గడచిన పిమ్మట చుట్టు 76 సెకండ్లకు వచ్చినది. మొత్తము 10 నిమిషముల 8 సెకండ్లు. మఱుసటి ప్రకటన వెలువడినప్పుడు పరీక్ష జరుగవలసియున్నది; ఫలమును దైవమెఱుగును. కాని క్యాలెండరుపై దిగివచ్చుచున్న యంకెలను జూచి, ఆడుపిల్లకు పరుగేమిటని యనెడివా రిప్పుడు మా యింట లేరు.

అమెరికాలో నున్న మా బంధువుల పిల్ల యొకతె వ్యాయామము కొఱకు నిత్యము పరుగెత్తును. ఆ దేశమున రోడ్లు నేటికిని మైళ్లలోనే యున్నవి. తాను మైలును పది నిమిషములలో బరుగెత్తుదునని యామె ఫోనులో జెప్పగా, మా పిల్ల కాగితము తీసికొని లెక్క వేసినది. ఆ నడకతో 1600 మీటర్లకు 9 నిమిషముల 56 సెకండ్లు పట్టును. సముద్రములు దాటియున్న యిద్దఱక్కచెల్లెండ్రు ఇంచుమించు ఒకే నడక నడచుచున్నారని తెలిసి యిద్దఱును సంతసించిరి. ఆమె మైలును విడువ బనిలేదు, ఈమె మీటరును విడువ బనిలేదు. ఎవరి పరీక్ష యే కొలతలో నున్నదో వారికదియే తగినది. రెంటిని గలుపునప్పుడు మాత్రము లెక్క వేయవలెను.

తెలుగుపిల్లలలో ఓరుగల్లు ప్రాంతపు కల్లెడ గ్రామమున బుట్టిన జీవంజి దీప్తి, బుద్ధివికాసములో లోపముగలవారికై యేర్పడిన తరగతిలో, 2024 మే నెలలో జపానుదేశపు కోబె నగరమున 400 మీటర్లను 55.07 సెకండ్లలో బరుగెత్తి ప్రపంచములో అంతకుముందెన్నడు నెవ్వరును సాధింపని కాలమును సాధించెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్ పోటీలలో 55.82 సెకండ్లతో కంచు పతకము పొందెను. చిన్ననాట ఆమెను, ఆమె తలిదండ్రులను ఊరివారెన్నియో మాటలన్నారట. ఆ మాటలకు కొలత లేదు. ఆమె పరుగునకు గలదు. కొలత నిష్పక్షపాతి. కులమును, రూపమును, ఇతరుల యభిప్రాయమును అది యడుగదు. ఆడుపిల్లలకు కొలతలయందు శ్రద్ధ కలిగింపవలెననుటకు ఇంతకంటె మంచి కారణము మాకు దోచదు.

కాని యన్ని దినములును గడియారమునకు బానిసలు గారాదు. మా తీరమున వేసవి యుక్క యెట్టిదో సోదరీమణు లెఱుగుదురు. మే మాసపు టెనిమిది గంటల యెండలో వచ్చిన కాలమును, మార్గశిరపు వేకువ వచ్చిన కాలముతో బోల్చి పిల్లను మందలించుట యన్యాయము. వారమునకొక దినము, ఒకే వేళ, ఒకే చుట్టుపై కాలము చూచిన జాలును. తక్కిన దినములలో ప్రక్కనున్న స్నేహితురాలితో ఆయాసము లేకుండ మాటలాడగలిగినంత మెల్లగా బరుగెత్తవలెను. ఆ దినములకు మాటయే కొలత. మాట తెగుచున్నచో మోతాదు మించినదని గ్రహింపవలెను.

ఇంట పరీక్షలకు సిద్ధమగు పిల్లలున్న తల్లులకు మా మనవి యొక్కటే. పాలు, గ్రుడ్లు సమకూర్చి, తెల్లవారి లేపి పంపుటతో మన పని తీఱలేదు. ఒక యాదివారము టేపు తీసికొని మైదానమునకు వెళ్లుడు. చుట్టెంతయో మీరే కొలువుడు. గడియారము చేత బట్టుకొని గీతయొద్ద నిలువుడు. పాలవాని కొలపాత్ర సరిచూచుకొను కన్నులకు, పిల్ల పరుగు సరిచూచుట కష్టము గాదు. ఎంత వేగమని యడుగక, ఈ చుట్టునకెంత పట్టినదని యడుగుడు. ఆ ప్రశ్నకు మీ పిల్ల సమాధానము చెప్పగలదు. తరువాతి చుట్టున ఆ సమాధానమును మార్చుకొనగలదు.